పదిహేడో తూము వంతు

నేను ఒక ప్రోగ్రామును. అంటే ఏమిటో తెలియకపోతే సిగ్గుపడనక్కర్లేదు. నన్ను పదకొండేళ్ళు వాడుకున్న ఆఫీసులో కూడా ఆ సంగతి ఇద్దరికి మించి తెలియదు. నాకు ఒళ్ళు లేదు గానీ ఊరుంది. గోదావరి డెల్టా చివర, సముద్రపు గాలి తగిలేంత దూరంలో, చిలకలమెరక ఛానల్ అని ఒక పిల్లకాలువ. దాని మీద పదిహేడు తూములు. దాళ్వాకి, అంటే ఎండాకాలం రెండో పంటకి, నీళ్ళు అందరికీ ఒకేసారి చాలవు కాబట్టి తూముకి ఒక పూట చొప్పున వంతులు వేస్తారు. పదిహేడు పూటలైతే ఒక చుట్టు. ఆ వంతుల జాబితా తయారుచేయడం నా ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు, పదవీ విరమణ మాత్రం ఉంది. దాని సంగతి చివర చెబుతాను.

నన్ను రాసింది మందాకిని గారు, కాలువల ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరు. ఆరు నెలల కంప్యూటరు శిక్షణకి ఎవరో ఒకరిని పంపమని పైనుంచి ఉత్తరం వస్తే, ఆఫీసులో మగవాళ్ళందరికీ ఒకేసారి నడుంనొప్పి వచ్చింది. అలా ఆవిడ వెళ్ళారు. వెళ్ళినచోట లిస్ప్ అనే భాష నేర్చుకున్నారు. తిరిగి వస్తూ, ఆ భాష తప్ప మరొకటి రాని మిషనును కూడా, శిక్షణ ఇచ్చిన సంస్థను బతిమాలి ఆఫీసుకి తెచ్చారు.

లిస్ప్ గురించి ఒక్క మాట చెప్పాలి. అందులో ఏం చెప్పాలన్నా ముందు బ్రాకెట్టు తెరవాలి, చెప్పాక మూయాలి. ఒకదానిలో ఒకటి, దానిలో మరొకటి. నా చివరి లైనులో మాట ఒక్కటే, మూసే బ్రాకెట్లు తొమ్మిది. చూసినవాళ్ళందరూ ప్రింటరు పాడైందనుకున్నారు. సింహాచలం ఒక్కడే అలా అనుకోలేదు.

సింహాచలం ఆ ఛానల్ లస్కరు, అంటే తూముల తలుపులు తీసి మూసే మనిషి. పదిహేడు తాళంచెవులూ అతని నడుముకే వేలాడేవి. అతని సొంత పొలం రెండెకరాలు, అదీ పదిహేడో తూము కింద. పదహారు తూములకి తన చేత్తో నీళ్ళు వదిలి, సైకిలు తొక్కుకుంటూ పదిహేడో దాని దగ్గరికి వెళ్ళేసరికి కాలువలో బురద మిగిలేది. నేను పుట్టకముందు జాబితా హెడ్ క్లర్కు గారి బల్ల మీద తయారయ్యేది. ఎగువ రైతులు వచ్చి కూర్చుని కాఫీ తాగి వెళ్ళేవారు, దిగువ రైతులు వరండాలో నిలబడి వెళ్ళేవారు. జాబితా ఎటు ఒరిగేదో నేను చెప్పనక్కర్లేదు. మూడు దాళ్వాలు వరసగా సింహాచలం వరి పొట్ట మీద, వెన్ను తీసే ముందు, ఎండిపోయింది.

ఒకరోజు మందాకిని గారు కాలువ గట్టున వెళుతూ, నడుముకి తాళంచెవుల గుత్తితో ఎండిన చేను చూసుకుంటున్న అతన్ని చూశారు.

"తాళంచెవి నీ దగ్గరే ఉందిగా సింహాచలం. ఒక్క పూట తలుపు తీసుకుంటే ఎవరు చూడొచ్చారు?"

"వంతు కాదు కదండి," అన్నాడతను.

ఆవిడ అక్కడినుంచే వెనక్కి తిరిగారు. ఆఫీసుకి వచ్చి నన్ను రాయడం మొదలుపెట్టారు. నూట పద్దెనిమిది లైన్లు, రెండు పేజీలు. మధ్యలో ఒక లైను నా ప్రాణం: పోయిన చుట్టులో ఎండిన తూముకి ఈ చుట్టులో మొదటి వంతు. మిగతా నూట పదిహేడు లైన్లూ దాన్ని నిలబెట్టడానికే.

ఆవిడ ఆ రెండు పేజీలూ సింహాచలానికి చూపించి, ఇది తీసిన తలుపు, ఇది మూసిన తలుపు, ఎన్ని తీస్తే అన్ని మూయాలి అని చెప్పారు.

"ఆయ్, అయితే ఇది మా పనేనండి," అని అతను వేలితో ఒక్కో బ్రాకెట్టూ లెక్కపెడుతూ వెళ్ళి రెండో పేజీ మధ్యలో ఆగాడు. "ఇక్కడోటి తీసి వదిలేశారండి. నీళ్ళు పోతన్నాయి."

నిజమే. నాలో మొదటి తప్పు పట్టుకున్నది లస్కరే. ఆ దాళ్వాకి పదిహేడో తూముకి నీళ్ళు అందాయి. సింహాచలం చేను పండింది. నాకు కళ్ళుంటే చెమర్చేవి.

నా స్వభావంలో రెండు సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత గొడవంతా వాటి వల్లే. మొదటిది, పని అప్పగించడం. ఒకటో తూము లెక్క అయిపోగానే దాన్ని చూసే భాగం పనిని రెండో దానికి అప్పగించి తప్పుకుంటుంది. రెండోది మూడో దానికి. ఎవరూ వెనక్కి వచ్చి "అందిందా, అందిందా" అని అడగరు. రెండోది, ఊడ్చుకోవడం. లెక్కలు వేస్తుంటే నా చుట్టూ చిత్తు పోగవుతుంది. అప్పుడప్పుడు ఆగి చూస్తాను. ఏ కాగితం వైపైనా ఎక్కడినుంచైనా ఒక్క వేలు చూపిస్తూ ఉంటే దాన్ని ఉంచుతాను. ఏ వేలూ చూపించని దాన్ని ఊడ్చేస్తాను.

ఏడాది తిరిగేసరికి ఆ సంస్థవాళ్ళు తమ మిషను తమకి ఇచ్చేయమన్నారు. ఆఫీసుకి కొత్తగా నాలుగు మిషన్లు వచ్చాయి, నాలుగూ నాలుగు కంపెనీలవి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. వాటిలో దేనికీ లిస్ప్ రాదు. అన్నింటికీ వచ్చింది సి అనే భాష ఒక్కటే. సి వస్తే ఏ మిషనులోనైనా పొట్ట పోసుకోవచ్చు. నన్ను సి లోకి మార్చడానికి మందాకిని గారు కంపైలర్ అనే ఇంకో ప్రోగ్రాము రాశారు. అదీ లిస్ప్‌లోనే. లిస్ప్‌ను మింగి సి లో కక్కడం దాని పని. ఆవిడ దానికి మొట్టమొదట పెట్టిన ముద్ద అదే. తనను తాను మింగి, తనను తాను సి లో కక్కుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఆ వింత తలుచుకుంటే నాకిప్పటికీ తల తిరుగుతుంది.

తర్వాత నా వంతు వచ్చింది. సి లో కళ్ళు తెరిచేసరికి నన్ను నేనే గుర్తుపట్టలేదు. రెండు పేజీల నేను ముప్పై ఒక్క వేల నాలుగు వందల ఎనిమిది లైన్లు అయ్యాను. ఐదు వందల అరవై ఒక్క పేజీలు. 'ఎండిన తూము' అని ముచ్చటైన పేరున్న నా ప్రాణం లాంటి మాట 't2207' అయి కూర్చుంది. సి భాషలో ఊడ్చేవాళ్ళు లేరు కనుక చీపురు కూడా నా నడుముకి కట్టి పంపారు. పని అప్పగించే చోటల్లా 'ఫలానా గుర్తు దగ్గరికి పో' అనే ఆజ్ఞ వెలిసింది, మొత్తం పంతొమ్మిది వందల ఆరు చోట్ల. ఇంత చేసినా నాలుగు మిషన్లలోనూ నాలుగు సార్లూ అదే జాబితా ఇచ్చాను, ఒక్క పూట తేడా లేకుండా. ఒళ్ళు మారింది గానీ బుద్ధి మారలేదని ఆవిడ సంతోషపడ్డారు.

అప్పుడు విశ్వపతి గారు రంగంలోకి దిగారు. ఆయన హెడ్ క్లర్కు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క కాగితం పోగొట్టుకోని మనిషి. చెడ్డవారు కారు. రెండు పేజీల్లో అయిపోయే పని మీద ఆయనకి నమ్మకం లేదు, అంతే. కంప్యూటరు లెక్కలకి కూడా ఫైలు ఉండాలని, ప్రతి లైనుకి వివరణ, ప్రతి పేజీకి సంతకం కావాలని పైనుంచి ఉత్తర్వు రాగానే, ఆయన మందాకిని గారిని పిలిచారు.

"అమ్మా, తమరు ఏడాదిన్నర కష్టపడ్డారు. చూస్తే ఇది రెండు పేజీలుంది."

"అసలు అదేనండి. ఆ పెద్దది దాన్నుంచి మిషను రాసుకున్నది. దాన్ని మనుషులు చదవక్కర్లేదు."

"చదవక్కర్లేనిది ఐదు వందల అరవై ఒక్క పేజీలూ, చదవాల్సింది రెండు పేజీలూనా? రేపు ఆడిట్‌వాళ్ళొస్తే ఏ మొహం పెట్టుకుని ఈ రెండు కాగితాలు చూపించనమ్మా?"

ఆవిడ జవాబు ఆలోచించే లోపు బదిలీ ఉత్తర్వు వచ్చింది, రెండు జిల్లాల అవతల ఒక రిజర్వాయరుకి. వెళుతూ వెళుతూ చిత్తుకాగితాల్లో కలిసిపోబోతున్న ఆ రెండు పేజీలూ తీసి సింహాచలం చేతిలో పెట్టారు. అతను వాటిని కాలువ గట్టున, తాళంచెవులూ సామానూ పెట్టుకునే తన లాకు గది తలుపుకి లోపలివైపు తుమ్మబంకతో అతికించాడు.

ఆఫీసులో నా ఐదు వందల అరవై ఒక్క పేజీలకి వివరణ రాసే మహాకార్యం మొదలైంది. నలుగురు గుమాస్తాలు, ఏడు నెలలు. ప్రతి లైను పక్కనా పెన్నుతో తెలుగులో రాశారు. నా 't2207' పక్కన, 'ఇది ఇరవై రెండో తూము అయి ఉండవచ్చును. మన ఛానల్‌లో లేదు. పై అధికారులను విచారించవలెను' అని రాశారు. ఒక చోట, 'ఈ లైను ఎందుకున్నదో తెలియరాలేదు. ఉన్నది గనుక ఉంచడమైనది' అని రాశారు. ఖాళీ లైన్లను కూడా వదల్లేదు. 'ఖాళీగా ఉన్నట్లు ధ్రువీకరించడమైనది.' నా చీపురు భాగం చూసి, ఊడ్చే పని ఉన్నది గాని మనిషి లేడని గమనించి, ఒక పోస్టు మంజూరు చేయవలసిందిగా పైకి రాశారు. పోస్టు మంజూరైంది కూడా. ఆ చేరినాయన పాపం తాను ఊడ్చాల్సింది ఎక్కడో ఎవరూ చెప్పక, రోజూ నా మిషను చుట్టూ ఊడ్చేవాడు.

ఇంతవరకు బాగానే ఉంది. వివరణలు నన్నేమీ చేయవు, కాగితం మీదే ఉంటాయి. చిక్కల్లా ఆ పంతొమ్మిది వందల ఆరు చోట్ల వచ్చింది.

'419 గుర్తు దగ్గరికి పో' అన్న ఆజ్ఞ పక్కన గుమాస్తా 'పని 419కి పంపబడినది' అని రాశాడు. అక్కడినుంచి తిరిగి వచ్చిన దాఖలా కోసం మొత్తం ఫైలు వెతికాడు. లేదు. సంగతి విశ్వపతి గారి బల్ల మీదికి వచ్చింది. పంపిన కాగితం తిరిగి రాకపోవడమంటే ఆయన దృష్టిలో ఇల్లు తగలబడ్డంత. 419కి ఒక రిమైండరు రాయించారు. పది రోజులు ఆగి రెండోది, ఆ తర్వాత మూడోది ఎర్ర సిరాతో. బట్వాడా రిజిస్టరులో ఆ మూడూ ఇప్పటికీ ఉన్నాయి. 419 నుంచి ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఆయన తీర్మానం రాశారు: 'పంపిన ప్రతిదీ పంపినవారి వద్దకు తిరిగి రావలెను.' ఆఫీసులో సి రెండు వారాలు నేర్చుకున్న టైపిస్టు ఒకాయన కూర్చుని, పంతొమ్మిది వందల ఆరు చోట్లా నన్ను చేత్తో దిద్దాడు. ఎక్కడ పని అప్పగించినా, అది పూర్తయ్యాక వెనక్కి వచ్చేటట్టు.

పాపం శ్రద్ధగానే దిద్దాడు. కానీ వెనక్కి వచ్చినవాడు ఊరికే నిలబడడు గదా, చేతిలో ఉన్న పనే మళ్ళీ చేస్తాడు. ఒకటి నుంచి పదిహేడు దాకా అందరూ పూటలు రాసుకుంటూ ముందుకు వెళ్ళేవారు. తర్వాత పదహారు వెనక్కి వచ్చి, చిట్టచివరి గడిలో పదిహేడు పేరు కొట్టేసి తన పేరు రాసేది. దాన్ని కొట్టేసి పదిహేను తన పేరు రాసేది. అలా ఒకటో తూము దాకా. జాబితా అచ్చయ్యేసరికి మొదటి పూటా ఒకటో తూముదే, పదిహేడో పూటా ఒకటో తూముదే. పదిహేడుకి ఏమీ లేదు. ఘోరమేమిటంటే, ఆ గడి ఖాళీగా లేదు కనుక పదిహేడుకి నీళ్ళు అందినట్లే నా లెక్కలో పడేది. ఎండిన తూము కనబడక నా ప్రాణం లాంటి లైను పని మానేసింది. నేను అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు. ఆ దాళ్వాని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మొదట మొరపెట్టుకున్నది ఒకటో తూము రైతులు. "మాకెందుకండీ రెండేసి పూటలు? నాట్లేసిన చేలు మునిగిపోతన్నాయి," అని అర్జీ పెట్టారు. 'పదిహేడు తూములకూ సమానంగా అందినట్లు రికార్డు ఉన్నది' అని జవాబు వెళ్ళింది.

మూడు చుట్లు గడిచాయి. సింహాచలం చేను పొట్ట మీదికి వచ్చింది, నేల నెర్రెలిచ్చింది. శుక్రవారం నాడు అతను జాబితా పట్టుకుని ఆఫీసుకి వచ్చాడు.

"ఒకటో నెంబరు తలుపు రెండుసార్లు తీయమన్నారండి. పదిహేడు తీయమన్లేదండి."

"జాబితా మిషను ఇచ్చింది సింహాచలం. అందులో ప్రతి పేజీ మీదా నా సంతకం ఉంది."

"సంతకం మంచిదేనండి. సేను ఇంకో నాలుగు రోజులు సూత్తాదండి. ఆ తరవాత గడ్డే."

విశ్వపతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గొంతు తగ్గించి, "తాళంచెవి నీ దగ్గరే ఉందిగా. నేను చూడలేదనుకో," అన్నారు.

"వంతు కాదు కదండి," అని సింహాచలం దణ్ణం పెట్టి బయటికి వచ్చి, టెలిఫోను బూత్ నుంచి మందాకిని గారికి ఫోను చేశాడు.

ఆవిడ శనివారం సెలవు పెట్టి బస్సెక్కారు. నా దిద్దుబాట్లు పది నిమిషాలు చూసి తల పట్టుకున్నారు. ఒక్కొక్కటీ సరిచేయాలంటే నెల పడుతుంది. అసలు రెండు పేజీలుంటే మళ్ళీ టైపు చేసి కంపైలర్‌కి మింగించవచ్చు. సి లో కక్కుకున్న ఆ కంపైలర్ ఇంకా మిషనులోనే ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు.

"నా కాగితాలేవి సింహాచలం?"

"తలుపుకున్నాయండి. గోరు పెట్టి లాగితే సిరుగుతన్నాయి. ఉండండి."

గంట తర్వాత అతను లాకు గది తలుపుని బందుల నుంచి ఊడదీసి, సైకిలు వెనక కట్టుకుని ఆఫీసులోకి తెచ్చాడు. బయటి నుంచి తెచ్చే సామానుకి గేటు చీటీ కావాలని బంట్రోతు ఆపాడు. 'తలుపు ఒకటి, గొళ్ళెంతో సహా' అని రాసి లోపలికి పంపారు. దాన్ని మిషను పక్కన గోడకి ఆనించి, మందాకిని గారు తలుపు చూస్తూ నన్ను టైపు చేశారు. గొళ్ళెం బిగించినచోట కాగితానికి కన్నం పడి ఒక గుర్తు ఎగిరిపోయింది. ఆవిడ ఆగిపోయారు. సింహాచలం వేలు పెట్టి పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

"ఇక్కడ మూసేదోటి ఉండాలండి."

మూశారు. కంపైలర్ మింగింది, కక్కింది. ముప్పై ఒక్క వేల నాలుగు వందల ఎనిమిది లైన్లు, అక్షరం తేడా లేకుండా నా పాత ఒళ్ళు నాకు వచ్చింది. పదిహేడో తూము మూడు చుట్లు ఎండిందని నా లెక్క సరిదిద్దారు. ఇక ఉన్నది విశ్వపతి గారి సంతకం. అది లేనిదే సోమవారం జాబితా బయటికి పోదు.

ఆదివారం పొద్దున్నే ఆయన వచ్చి కళ్ళజోడు పెట్టుకుని కొత్త ప్రింటు తిరగేశారు.

"మళ్ళీ మొదటికొచ్చిందమ్మా. పంపినవి పంతొమ్మిది వందల ఆరు. ఒక్కటీ తిరిగి రాలేదు. నేను దీని మీద ఎలా పెట్టను సంతకం?"

మందాకిని గారు ఆయన వైపు చూశారు. తలుపు వైపు చూశారు. కోపం తెచ్చుకోలేదు. మళ్ళీ కూర్చుని నాలో కాదు, కంపైలర్‌లో ఒక్క లైను చేర్చారు. పని అప్పగించే ప్రతి ఆజ్ఞ పక్కనా, మిషను చదవకుండా దాటేసే వ్యాఖ్యగా, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు మాట అచ్చు వేయమని చెప్పారు: అందినది. మధ్యాహ్నానికి కొత్త ప్రింటు వచ్చింది. పంతొమ్మిది వందల ఆరు చోట్లా 'అందినది', 'అందినది', 'అందినది'.

విశ్వపతి గారి మొహం వికసించింది. అంతలోనే అనుమానమొచ్చింది.

"ఇవన్నీ నిజంగా అందినట్లేనా అమ్మా?"

"మిషను వాటిని చదవదండి. చదివేది మీరే."

ఆయన ప్రింటుని మళ్ళీ మొదటి పేజీకి తిప్పారు. తర్వాత సిరా పెన్ను తీసి సంతకాలు మొదలుపెట్టారు. ఐదు వందల అరవై ఒకటి. మధ్యలో సింహాచలం తెచ్చిన టీ చల్లారిపోయింది.

సోమవారం మొదటి పూట పదిహేడో తూముది. సింహాచలం మూసి ఉన్న పదహారు తలుపులూ దాటుకుంటూ, ఎక్కడా సైకిలు దిగకుండా చివరికి వెళ్ళాడు. తాళం తీశాడు గానీ తలుపు వెంటనే ఎత్తలేదట. కాసేపు చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడట. తర్వాత తిప్పాడు. నీళ్ళు నెర్రెల్లోకి దిగుతుంటే గొడుగు వేసుకుని గట్టు మీద విశ్వపతి గారు కనబడ్డారు. ఆయన సర్వీసులో ఛానల్ చివరికి రావడం అదే మొదటిసారి.

"అందిందా?"

"అందిందండి."

నా పేజీల్లో అన్ని వందల 'అందినది'లున్నాయి, ఒక్కటీ నిజం కాదు. గట్టు మీద చెప్పిన ఆ ఒక్కటే నిజం. పూట పూర్తవగానే, ఇంకా నీళ్ళు పారుతుండగానే, సింహాచలం తన తలుపు తనే మూసేశాడు.

ఆ తర్వాత ఎన్నో మిషన్లు మారాను. పాతది తుక్కుకి పోయినప్పుడల్లా కొత్త దాంట్లో అదే జాబితా ఇచ్చాను. ఇప్పుడు ఛానల్‌కి వేరే పద్ధతి వచ్చింది, నన్ను ఎవరూ నడపరు. నా ఐదు వందల అరవై ఒక్క పేజీలూ రికార్డు గదిలో ఎర్రగుడ్డ మూటలో ఉన్నాయి. చెదలు వాటిని మొదటి పేజీ నుంచి వరసగా, విశ్వపతి గారి పద్ధతిలోనే తింటున్నాయి. నా చీపురు పేరు మీద ఉద్యోగంలో చేరిన ఊడ్చే ఆయన మాత్రం పూర్తి పెన్షనుతో దిగిపోయాడు.

తలుపు తిరిగి లాకు గదికే వెళ్ళింది. కాగితం పసుపెక్కింది, అక్షరాలు సగం వెలిసిపోయాయి. సింహాచలానికి ఉద్యోగం అయిపోయింది. అయినా సాయంత్రం చేను చూసుకుని వస్తూ ఆ గదిలో కూర్చుంటాడు. తలుపు మీద, నా చివరి లైను దగ్గర వేలు పెట్టి మూసిన బ్రాకెట్లు లెక్కపెడతాడు. ఎవరూ వేలు చూపించనిదాన్ని ఊడ్చేయడం నా స్వభావం కనుక ఈ సంగతి నాకు బాగా తెలుసు: ఒక్క వేలు చాలు. ఇవాళ కూడా వచ్చాడు. తొమ్మిది లెక్కపెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.